పాత కొలతకే

"పాత కొలతకే బిగించెయ్యండి అక్కా," అని నల్ల స్కర్టు బల్ల మీద పెట్టి, తల ఎత్తకుండా వెళ్ళిపోయింది టీచరమ్మ నిన్న సాయంత్రం. ఇవాళ పొద్దున పది దాటాక ఆ స్కర్టు ఒళ్ళో వేసుకుని బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపుతోంది టేపక్క. పక్కగదిలో పొయ్యి మీద కూర ఉడుకుతోంది, చెవి ఒకటి అటు పారేసి ఉంచింది. కుట్టడం చూసి మెచ్చుకునేవాళ్ళుంటారు గానీ, విప్పడం చూసి మెచ్చుకున్నవాడు భూప్రపంచంలో లేడు. సరిగ్గా నాలుగు వారాల కిందట ఈ నడుము కుట్టు తనే విప్పింది. లోపలి మడతలో వదిలిన గుడ్డ బయటికి తీసి రెండంగుళాలు వదులు చేసింది. అప్పుడు టీచరమ్మ ఏమీ చెప్పలేదు, ఈవిడా ఏమీ అడగలేదు. నిన్నా అంతే. చెప్పడానికేముంది? వదులు చేయించుకున్న నడుము నాలుగు వారాలకే బిగించమంటే అర్థం ఏమిటో, ఇది ఎన్నోసారో తెలిసిన మనిషి ఈ ఊళ్ళో టీచరమ్మ కాక ఇంకొక్కతే ఉంది. మూడోసారి. అయ్యో తల్లీ, మూడోసారి.

టేపక్క అసలు పేరు అది కాదు, అలాంటి పేరు ఎవరైనా పెడతారా! మెళ్ళో ఎప్పుడు చూసినా కొలతల టేపు వేలాడుతుంటుందని వచ్చేపోయే ఆడవాళ్ళు అలా పిలిచారు, అదే నిలిచిపోయింది. బయట బోర్డు మీద ఉన్నది ఆయన పేరు. మాస్టారంటే ఆయనే. ఒకప్పుడు కోట్లు బాగా కత్తిరించేవాడు, కాదనడానికి లేదు. నడుంనొప్పి వచ్చాక పదేళ్ళుగా మిషను తొక్కింది లేదు, కత్తెర పట్టింది లేదు. ముందుగదిలో కుర్చీలో కూర్చుని రసీదులు రాస్తాడు, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతాడు. తెరకి ఇవతల కొలవడం, విప్పడం, కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం, మధ్యలో లేచి వంట చూసుకోవడం ఈవిడ వంతు. "కుట్టు ఎక్కడుందో కనపడట్లేదు మాస్టారూ, ఏం పనితనమండీ అది!" అని ఎవరైనా మెచ్చుకుంటే, "ముప్పై ఏళ్ళ అనుభవం మరి," అంటాడాయన, తన చేతులకేసి చూసుకుంటూ. సొమ్మొకడిది, సోకొకడిది. మొదట్లో ఆ మాటకి మిషను మీద కాలు ఆగిపోయేది. ఇప్పుడు ఆగదు. అలవాటైపోయింది అనుకుంటుంది గానీ, అలవాటైన చెప్పు కరవదని ఎవరన్నారు?

స్కర్టు విప్పుతుంటే చేతికి తగులుతున్నది గుడ్డ కాదు, పోయినేడాది తను చేసిన పని. అప్పట్లో ఆడవాళ్ళ కొలతలన్నీ ఒక లావుపాటి రిజిస్టరులో రాసేది. పేరు, తేదీ, నడుము ఇంత, ఛాతీ ఇంత. టీచరమ్మ వచ్చి ఒక గౌను నడుము రెండంగుళాలు వదులు చేయించుకుంది. తర్వాత రెండు రోజులకి ఆవిడ అత్తగారు తన కోటు కోసం వచ్చి, "మా కోడలు ఏదో ఇచ్చి వెళ్ళిందటగా, అదీ ఇచ్చేస్తావా?" అనడిగింది. మామూలు మాట, మామూలుగానే అడిగింది. టేపక్కకి ఆ పూట సంతోషంగా ఉంది. ఎందుకుండదు? ఒక పిల్ల కడుపు పండిందని ముందుగా తెలిసింది తన టేపుకి. "నడుము రెండంగుళాలు వదిలించుకుంది, మరి తీపి ఎప్పుడు పెడుతున్నారు?" అనేసింది. నోరు జారింది. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోగలమా? పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. మూడు వారాలు తిరక్కుండానే అది పోయింది. అదీ వీధంతా తెలిసింది. "బడిలో పిల్లల వెంట గంతులేస్తుంది, నిలవమంటే ఎలా నిలుస్తుంది?" అని పెద్దావిడ ఇదే బల్ల ముందు నిలబడి ఇంకో కస్టమరుతో అంటుంటే టేపక్క తెరవెనక విన్నది.

ఆ తర్వాత వచ్చింది టీచరమ్మ, అదే గౌను చేత్తో పట్టుకుని. కేకలేస్తుందనుకుంది టేపక్క. వేసినా బాగుండేది. ఆ పిల్ల గౌను బల్ల మీద పెట్టి, దాని మడతలు సరిచేస్తూ నెమ్మదిగా అంది. "మొదటిసారి అందరికీ తెలిశాకే పోయింది అక్కా. అందుకే ఈసారి నాలోనే ఉంచుకుందామనుకున్నాను. నేను మీకు చెప్పలేదు కదా. కొలతే కదా ఇచ్చాను."

కొలతే కదా ఇచ్చాను! ఆ మాట ఈవిడకి అన్నం తింటుంటే గుర్తొచ్చింది, స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. కొలతంటే అంకె అనుకుంది ఇన్నాళ్ళూ. ఒక మనిషి చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, తన ఒంటిచుట్టూ ఇంకొకరి చేతులు తిరగనిచ్చి ఇచ్చేదని అనుకోలేదు. ఆ వారమే రిజిస్టరు చింపి పొయ్యిలో పెట్టింది. టేపక్క వాళ్ళమ్మ కూడా కుట్టుపనే చేసేది, ఆవిడకి అక్షరం ముక్క రాదు. మనిషికొక పొడుగాటి కాగితం పట్టీ. దాన్నే ఒంటికి చుట్టి, నడుము దగ్గర ఒక గాటు, ఛాతీ దగ్గర రెండు, భుజానికి మూల కత్తిరింపు. ఆ మనిషి గుడ్డలోంచే ఒక పీలిక తీసి పట్టీ కొసకి దారంతో కట్టేది. పేరు ఉండదు, అంకె ఉండదు. ఎవరి పట్టీ ఏదో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. టేపక్క ఇప్పుడు అదే పద్ధతి పట్టుకుంది. టేపుతో కొలిచినా పట్టీ మీద గాటే పెడుతుంది. పట్టీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. "చదువుకున్నదానివి, చదువురానివాళ్ళ పద్ధతేమిటే?" అని నవ్వుతాడు మాస్టారు. నవ్వనీ, నవ్వితే డబ్బా మూత ఊడదు.

ఇదంతా టీచరమ్మ మీద జాలేనా అంటే, కాదు. టేపక్కకి ఇంకో పాత లెక్క ఉంది, అది తన ఒంటిది. ఇరవై రెండేళ్ళ కిందట, పెళ్ళయిన మూడో ఏడు, అయిదో నెలలో పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజు మిషను ముందు కూర్చుంది, ఆయన కత్తిరించినవి తను కూర్చోక ఎవరు కుడతారు? తెర అవతల ఎవరో పెద్దమనిషి తన ప్యాంటు ఇంకా కాలేదని సణుగుతున్నాడు. అప్పుడు మాస్టారన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఏమనుకోకండి సార్, మా ఆవిడకి కడుపు పోయింది, అందుకే మీ ప్యాంటు ఆలస్యమైంది." ఆ పెద్దమనిషి, "అయ్యో పాపం," అన్నాడు. తర్వాత, "పోనీ శనివారానికైనా ఇస్తారా?" అన్నాడు. టేపక్క మిషనులో గుడ్డ లేకుండానే తొక్కింది, గట్టిగా, చాలాసేపు, తన ఏడుపు తెర దాటకుండా. ఆ శనివారానికి ప్యాంటు ఇచ్చేశారు కూడా. కానీ మాట మాత్రం దుకాణంలోనే ఉండిపోయింది. అప్పట్నుంచీ గుండీ ఊడినా, కోటు ఆలస్యమైనా, "మీకు పిల్లలెందరండీ?" అని ఎవరైనా ఊసుపోక అడిగినా, అదే మాట. తన అత్తగారు బతికున్నప్పుడు ఒకసారి ధైర్యం చేసి చెప్పుకుంది, ఆయన అలా అనడం బాగోలేదని. "ఇంటి ఆడదాని సంగతి ఇంట్లోవాళ్ళం చెప్పుకోక పరాయివాళ్ళు చెప్పుకుంటారా?" అందావిడ. నిజమే కాబోలనుకుని ఊరుకుంది. ఆసుపత్రిలో నర్సు తనకి ఏం చెప్పిందో, గుడ్డ తీసి ఏం చూపించిందో మాత్రం ఇంట్లో ఎవరూ అడగలేదు. "అయిపోయిందిగా, ఇంక మాట్లాడి ఏం లాభం?" అన్నాడు మాస్టారు. ఆ తర్వాత మళ్ళీ కడుపు రాలేదు.

పదకొండు గంటలవేళ పెద్దావిడే వచ్చింది. చేతిలో సంచీ, ముఖాన నవ్వు. "ఏమ్మా, బాగున్నావా? మా కోడలి పుట్టినరోజు వస్తోంది. మంచి గౌను కుట్టిద్దామని పెద్ద కొట్టుకి వెళ్తే కొలతలడిగారు. కాస్త కాగితం మీద రాసిచ్చెయ్."

టేపక్క స్కర్టుని మడిచి మిషను కింద బుట్టలోకి తోసి, తెర పక్కకి జరిపి వచ్చింది. "ఆవిణ్ణి ఒకసారి రమ్మనండి పిన్నిగారూ, కొలిచి రాసిస్తాను."

"దానికి తెలీకుండా కుట్టించాలనే కదా! తెలిశాక ఇంక సరదా ఏముంది?"

"దానికేం భాగ్యమమ్మా, కూర్చోండి కూర్చోండి," అన్నాడు మాస్టారు కుర్చీ చూపిస్తూ. "ఏమే, టీచరమ్మగారి కొలతలు రాసిచ్చెయ్. పాత కస్టమర్లు, అడగాలా?"

"ఒకరి కొలతలు ఇంకొకరికి ఇవ్వడం మానేశానండీ."

"ఇంకొకరేమిటే? అత్తగారు!"

"అత్తగారయినా అంతే."

మాస్టారు నవ్వబోయి, ఈవిడ నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. పెద్దావిడ కూడా నవ్వు తీసేసింది. కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించింది. "నీ దగ్గర దాపరికమెందుకు. గౌనుదేముంది గానీ, పోయిన నెల అది కాస్త ఒళ్ళు చేసినట్టు కనిపించింది. ఈ వారమంతా ముఖం పీక్కుపోయి ఉంది. ఏదో ఉందమ్మా. నీకు తెలిసే ఉంటుంది. పోయినేడాది నువ్వేగా చెప్పావు? ఇప్పుడు చెప్పడానికి నోరేం నొప్పి?"

పోయినేడాది నువ్వేగా చెప్పావు. ఎవరైనా చెంప మీద కొట్టినా అంత చుర్రుమనేది కాదు. "పోయినేడాది తప్పు చేశాను పిన్నిగారూ," అంది టేపక్క. "మళ్ళీ చెయ్యను."

మాస్టారికి పరువు పోయినట్టయింది. కస్టమరు ముందు పెళ్ళాం కాదనడమా! లేచి తెర తోసుకుని వెళ్ళి, బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. పట్టీలన్నీ కుప్పగా పడ్డాయి, ఎర్ర పీలికలు, పూల పీలికలు, నల్లవే పది ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు, తిరగేశాడు, ఇంకోటి తీశాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఆ కాగితం ముక్కల ముందు నోరెళ్ళబెట్టింది. టేపక్క కదల్లేదు. కళ్ళు మాత్రం ఒక పట్టీ మీదికి వెళ్ళబోయాయి, వాటిని కూడా ఆపుకుంది. అంతలో పక్కకి జరిపి ఉన్న తెరలోంచి ఆయన చూపు మిషను కింద బుట్టలో పడింది. "అదిగో, ఆవిడ స్కర్టే అక్కడుందిగా! దీన్ని కొలిస్తే సరిపోయె. దీనికింత రభస ఎందుకు?"

ఆ స్కర్టు నడుము దగ్గర రెండు వరసల చిల్లులున్నాయి, పాత కుట్టువీ వదులు చేసిన కుట్టువీ. మళ్ళీ పాత వరస మీదే తను ఇవాళ పొద్దున గీసిన సుద్దగీత ఉంది. పెద్దావిడకి అది గుడ్డే. మాస్టారికి ఒక్క చూపు చాలు, వదిలిందీ బిగిస్తున్నదీ రెండూ చదివేస్తాడు. చదివాక ఆయన నోట్లో ఏదీ ఆగదు. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. ఆ పిల్ల బడి నుంచి వచ్చేసరికి, తను ఎవరికీ చెప్పుకోని ఏడుపు తనకంటే ముందు ఇల్లు చేరి ఉంటుంది. టేపక్క ఆయనకంటే ముందు వెళ్ళి వంగి స్కర్టు తీసుకుంది, ఉండలా చుట్టి పొట్టకి హత్తుకుని, రెండు చేతులూ అడ్డంపెట్టి నిలబడింది. "దీన్ని కొలవను. మిమ్మల్ని కొలవనివ్వను."

మాస్టారు పెద్దావిడ వైపు తిరిగి, తల ఊపుతూ, ఎప్పటి గొంతుతోనే, ఎప్పటి మాటే అన్నాడు. "ఏమనుకోకండమ్మా. ఒకప్పుడు మా ఆవిడకి కడుపు పోయింది. అప్పట్నుంచీ ఇలాగే, కాస్త చాదస్తం."

ఆ మాట కొన్ని వందలసార్లు తెర వెనకనుంచి విన్నది టేపక్క. ఎదురుగా నిలబడి వినడం ఇదే. ఈ దుకాణంలో గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి సంగతయినా పదిలంగా ఉంటోంది, ముప్పూటలా కుట్టేదాని సంగతి బల్ల మీద పడుంటోంది. తను ఈ కొట్టుకి కస్టమరయినా బాగుండేదనిపించింది.

"ఆ మాట నాదండీ," అంది.

"ఏ మాట?"

"కడుపు పోయిందన్న మాట. పోయింది నాది. ఇరవై రెండేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ రసీదుతో పాటు చేతిలో పెడుతున్నారు. ఒక్కసారయినా నన్నడిగారా? ఇకమీదట నన్నడక్కుండా ఎవరికీ చెప్పకండి."

"ఇప్పుడు నేనేమన్నానని? ఉన్నమాటేగా అన్నాను!"

"ఉన్నమాటే. నాది."

మాస్టారు కుర్చీలో కూలబడి రసీదు పుస్తకం తెరిచాడు, రాయడానికి ఏమీ లేకపోయినా. పెద్దావిడ సంచీ తీసుకుని లేచింది. కోపంగా వెళ్ళిపోతుందనుకుంటే గుమ్మం దగ్గర ఆగింది. "అది నాతో మాట్లాడదమ్మా," అంది, ఇందాకటి దర్జా లేకుండా. "ఏమడిగినా ఏంలేదత్తయ్యా అంటుంది. అందుకే నీ దగ్గరికొచ్చాను."

టేపక్కకి ఆవిడ మీద కోపం పూర్తిగా రాలేదు. "ఊళ్ళో చెప్పనని ముందు మాటివ్వండి పిన్నిగారూ. అప్పుడడగండి," అంది. పెద్దావిడ సంచీ సర్దుకుని మెట్లు దిగింది.

లోపలికొచ్చేసరికి కూర మాడిన వాసన ఇల్లంతా కమ్మేసింది. మధ్యాహ్నం మాస్టారు కంచం ముందు కూర్చుని, "కూర మాడిందే," అన్నాడు. "మాడింది," అందీవిడ. ఆ తర్వాత పట్టీలన్నీ ఏరి డబ్బాలో పెట్టుకుంది, ఒకటి తప్ప. స్కర్టు పాత చిల్లుల మీదుగానే కుట్టింది. రెండో వరస చిల్లులని వేడి ఇస్త్రీతో ఎంత అదిమినా, వేలుపెట్టి చూస్తే తగులుతూనే ఉన్నాయి.

బడి వదిలాక వచ్చింది టీచరమ్మ. స్కర్టు తొడిగి చూసుకోమని టేపక్క లోపలికి పిలిచి తెర దించింది. సరిగ్గా సరిపోయింది, ఏమీ జరగనట్టే.

"అత్తయ్య వచ్చారటగా అక్కా?" అంది టీచరమ్మ గోడకేసి చూస్తూ.

"వచ్చారు. మీ కొలతలడిగారు." ఆ పిల్ల ముఖం తెల్లబడిపోవడం చూసి వెంటనే అంది, "ఇవ్వలేదమ్మా. ఈసారి ఇవ్వలేదు."

పక్కన పెట్టిన పట్టీ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "ఇది మీది. నా దగ్గర ఉండటం కన్నా మీ దగ్గరే ఉంచుకోండి. అవసరమైనప్పుడు తెచ్చుకోవచ్చు."

టీచరమ్మ పట్టీ వెంట బొటనవేలు నడిపించింది. నడుము గాటు దగ్గర ఆగింది. దాని పక్కన, రెండంగుళాల అవతల, ఇంకో గాటు తగిలింది. "ఇదీ..."

"నాలుగు వారాల కిందటిది. వద్దంటే చింపేస్తాను."

"వద్దు వద్దు!" పట్టీ గుండెలకి అదుముకుంది. "డాక్టరు కాగితాలు కూడా చింపేశానక్కా, ఇంట్లో మా ఆయనో అత్తయ్యో చూస్తారని. అది ఉండేదని చెప్పడానికి ఇంకెక్కడా ఏమీ లేదు. ఇదొక్కటే." వారం రోజులుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. టేపక్క గబగబా మిషను ముందు కూర్చుని, గుడ్డ లేకుండానే తొక్కడం మొదలుపెట్టింది, గట్టిగా, ఆగకుండా. అవతల కుర్చీలో ఉన్న మనిషికి కుట్టు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తొక్కుతూ తనూ ఏడ్చింది.

కాసేపటికి టీచరమ్మ ముఖం తుడుచుకుని మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది. "మీ సంగతి నాకు తెలుసక్కా," అంది. "నేను మొదటిసారి వచ్చినప్పుడే మాస్టారు చెప్పారు, ఏదో కోటు ఎందుకు ఆలస్యమైందో చెబుతూ. కానీ మీరు చెప్పలేదుగా. అందుకని ఇన్నాళ్ళూ తెలియనట్టే ఉన్నాను."

టేపక్క కాలు ఆగిపోయింది. తను ఈ పిల్ల మాట ఊరంతా పాకించిన రోజున కూడా, ఈ పిల్ల తన మాట కడుపులో పెట్టుకుని ఉందన్నమాట. గౌను మడతలు సరిచేస్తూ నిలబడ్డ ఆ రోజున కూడా.

"ఇప్పుడడగొచ్చా?" అంది టీచరమ్మ, చాలా నెమ్మదిగా.

ఇరవై రెండేళ్ళలో ఆమెను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. టేపక్క మెళ్ళో టేపు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆడపిల్లమ్మా," అంది. "ఆ సంగతి ఆయనకి కూడా తెలీదు."